పూడిక లేని గుండె ఎందుకు ఆగుతుంది?

2025 జూలైలో హైదరాబాద్ నాగోల్ స్టేడియంలో షటిల్ ఆడుతూ పాతికేళ్ల యువకుడు కుప్పకూలిపోయాడు. ఆ వీడియో వేల ఫోన్లకు చేరింది. ఇలాంటిది బయటికొచ్చిన ప్రతిసారీ ఎల్బీనగర్ జిమ్ముల్లోనూ, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలోనూ, మీర్‌పేట్ చెరువు కట్టమీద పొద్దున్నే నడిచేవాళ్ల మధ్యా ఒకటే వాదన మొదలవుతుంది. టీకా వల్లేనని ఒకరంటారు. కాదు, కోవిడ్ వల్లేనని ఇంకొకరు. బయటి తిండి అని, జిమ్‌లో అతి చేశాడని, ఉద్యోగ ఒత్తిడి అని మిగతావాళ్లు. కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబరు 29న, ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 2022 ఫిబ్రవరి 21న పోయారు. 2023 జనవరిలో కుప్పం పాదయాత్రలో కుప్పకూలిన నటుడు నందమూరి తారకరత్న ఫిబ్రవరి 18న కన్నుమూశారు. ఈ మూడు మరణాలతో ఆ వాదన ఇంటింటికీ చేరింది.

వాదించే పక్షాలన్నీ ఒక్క విషయంలో ఏకమవుతాయి. అది గుండెపోటే అని, అంటే గుండెకు రక్తమిచ్చే నాళం పూడుకుపోయిందని. నడివయసు దాటినవాళ్ల విషయంలో ఆ ఊహ చాలావరకు నిజమే. హఠాత్తుగా గుండె ఆగి చనిపోయేవారిలో మూడొంతులకు పైగా మందికి మూలకారణం పూడికే. కానీ వయసు 35 లోపు అయితే లెక్క మారిపోతుంది. అక్కడ కండరం జబ్బులు, పుట్టుకతో వచ్చే లయ దోషాలు, వాపులు, మందులు ముందుకొస్తాయి. ఆ కారణాల మీద వైద్యలోకం ఎంతవరకు తేల్చింది, ఎక్కడ చిక్కుపడింది, అందులో మన హైదరాబాద్ పాత్ర ఏమిటి అన్నదే ఈ సమీక్ష.

నిర్వచనం దగ్గరే మొదలయ్యే తంటా

పూడిక వల్ల గుండె కండరంలో కొంత భాగానికి రక్తం అందకపోవడం గుండెపోటు. రోగికి తరచూ స్పృహ ఉంటుంది, నొప్పి చెబుతాడు, ఆసుపత్రికి వెళ్లే వ్యవధి ఉంటుంది. హఠాత్తుగా గుండె ఆగడం వేరు. గుండె కింది గదులు నిమిషానికి మూడొందల సార్లకు పైగా గజిబిజిగా అదురుతాయి తప్ప రక్తాన్ని తోయవు. కొన్ని సెకన్లలో నాడి అందదు, స్పృహ పోతుంది. గుండెపోటు దీనికి దారితీయవచ్చు. అయితే పూడిక ఆనవాలు కూడా లేని గుండెలోనూ ఇది జరగవచ్చు.

లక్షణం మొదలైన గంటలోపు ప్రాణం పోతే, లేదా ఎవరూ చూడని మరణమైతే అంతకు 24 గంటల ముందు వరకు మనిషి బాగానే తిరిగి ఉంటే, దాన్ని హఠాత్ మరణంగా లెక్కిస్తారు. ఈ కొలతతో మనవాళ్ల మీద జరిగిన లెక్కలు తక్కువే అయినా విలువైనవి. గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో, సుమారు 1.8 లక్షల జనాభాలో 2003–04లో మరణాలన్నిటినీ నమోదు చేసి చూస్తే 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవేనని తేలింది. పల్లెల్లో అంటురోగాలే ఎక్కువగా చంపుతాయన్న నమ్మకాన్ని ఆ అంకె బద్దలుకొట్టింది. తర్వాత దక్షిణాది పల్లెల మీద వైద్యులు చేసి 2012లో ప్రచురించిన మరో అధ్యయనం మొత్తం మరణాల్లో 10.3 శాతం హఠాత్తుగా గుండె ఆగడం వల్లేనని అంచనా వేసింది. పోయినవారి సగటు వయసు అరవై దరిదాపుల్లో ఉంది. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇది చిన్న వయసే.

ఈ లెక్కలకు ఒక పరిమితి ఉంది. శవపరీక్ష చేసి తేల్చినవి కావవి, ఇంటివాళ్లను అడిగి రాసుకున్నవి. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇలా హఠాత్ మరణాలుగా లెక్కకెక్కిన ఐదొందలకు పైగా కేసులకు పూర్తి శవపరీక్ష చేసి 2018లో ఫలితాలు చెప్పారు. నిజంగా గుండె లయ తప్పి పోయినవారు 56 శాతమే. మిగతావాళ్లలో మత్తుమందు మోతాదు మించినవారున్నారు, మెదడులో రక్తస్రావమైనవారున్నారు, ఇంకా రకరకాల కారణాలున్నాయి. బయటినుంచి చూసి చెప్పే కారణం ఎంతవరకు తప్పవచ్చో దీన్నిబట్టి అర్థమవుతుంది. మన చర్చలో సగం గందరగోళం ఇక్కడినుంచే పుట్టింది.

రోమ్ పుకార్ల నుంచి నార్వే పిల్లల దాకా

హఠాన్మరణాల మీద భయం, పుకార్లు మన కాలానికే పుట్టినవి కావు. 1705–06లో రోమ్ నగరంలో వరసగా మనుషులు పడిపోయి చనిపోతుంటే జనం హడలెత్తారు. పోప్ పదకొండో క్లెమెంట్ తన వైద్యుడు లాంచీసీని పిలిచి శవాలు కోసి చూడమన్నాడు. 1707లో లాంచీసీ రాసిన పుస్తకం ఈ విషయం మీద వచ్చిన తొలి పెద్ద గ్రంథం. పుకారుకు జవాబు శవపరీక్ష అని మూడు శతాబ్దాల కిందట ఒక మతాధిపతికి తోచింది.

ఆధునిక చరిత్ర మొదలైంది కండరంతో. 1958లో లండన్ శవపరీక్షా నిపుణుడు డొనాల్డ్ టీర్ ఎనిమిది గుండెలను వర్ణించాడు. గుండె గదుల మధ్య గోడ ఒకచోట అసహజంగా మందంగా ఉంది, కండర పోగులు చిందరవందరగా అల్లుకుపోయాయి. వాళ్లలో ఎక్కువమంది హఠాత్తుగా పోయినవారే. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అని ఇప్పుడు మనం పిలిచే జబ్బు ఇది. ఐదొందల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. 2003 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఆట మధ్యలో పడిపోయిన కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియన్ ఫో గుండెలో శవపరీక్ష తేల్చింది ఈ జబ్బునే. ఇటలీ నుంచి 1988లో మరో చిత్రం వచ్చింది. అక్కడి పడువా వైద్యులు తమ ప్రాంతపు యువకుల శవపరీక్షల్లో కుడి గది కండరం కొవ్వుగా, పీచుగా మారిపోవడం చూశారు. దేశం మారితే మొదటి కారణం కూడా మారుతుందన్న పాఠం దాంతో స్థిరపడింది.

లయ దోషాల కథ 1957లో నార్వేలో మొదలైంది. ఒకే ఇంట్లో ఆరుగురు పిల్లలు, వాళ్లలో నలుగురు పుట్టు చెవిటివాళ్లు. ఆ నలుగురికీ తరచూ స్పృహ తప్పేది. ముగ్గురు పసితనంలోనే హఠాత్తుగా పోయారు. వాళ్ల ఈసీజీల్లో క్యూటీ అనే విరామం మామూలుకంటే పొడవుగా ఉందని యెర్వెల్, లాంగె నీల్సన్ అనే వైద్యులు గుర్తించారు. 1992లో బ్రుగాడా సోదరులు నిర్మాణంలో ఏ లోపమూ లేని గుండెలు ఉన్న ఎనిమిది మంది రోగుల్లో మరో ఈసీజీ గుర్తును చూపించారు. థాయ్‌లాండ్‌లో, ఫిలిప్పీన్స్‌లో బలిష్ఠులైన మగవాళ్లు నిద్రలోనే పోతుంటే జనం దయ్యాల పని అనుకునేవారు. థాయ్ పల్లెల్లో మగవాళ్లు ఆ దయ్యాన్ని ఏమార్చడానికి ఆడవాళ్లలా గోళ్లకు రంగు వేసుకుని పడుకున్నారు. ఆ మరణాల్లో చాలావాటికి మూలం ఈ బ్రుగాడా దోషమేనని తర్వాత తేలింది.

కండరమా, లయా?

ఈ చరిత్ర నుంచి రెండు ఆలోచనా ధోరణులు పుట్టాయి. మొదటిది నిర్మాణాన్ని నమ్మే ధోరణి. టూడీ ఎకో తీసి, కావాలంటే ఎమ్మారై తీసి గోడ మందం, గదుల సైజు, మచ్చలు చూడమంటుంది. కండరం మందమెక్కడం, సాగిపోవడం, కుడి గది కరిగిపోవడం, రుమాటిక్ జ్వరంతో చెడిన కవాటాలు, బాలింతల్లో గుండె బలహీనపడటం, కరోనరీ నాళం పుట్టుకతోనే తప్పు చోటనుంచి బయల్దేరడం, ఇవన్నీ దాని చూపులో పడతాయి. రెండోది విద్యుత్ వ్యవస్థను నమ్మే ధోరణి. కోసి చూసినా, సూక్ష్మదర్శిని కింద పెట్టినా మచ్చ లేని గుండె కూడా ఆగుతుంది, దాని గుట్టు ఈసీజీలోనూ జన్యువుల్లోనూ ఉంటుందని ఇది అంటుంది.

ఎవరు ఎంత ఒప్పు అన్నదానికి ఇప్పటివరకు దొరికిన గట్టి జవాబు ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌ల నుంచి వచ్చింది. 2010 నుంచి 2012 వరకు ఏడాది నుంచి 35 ఏళ్ల లోపువారి హఠాన్మరణాలు 490 తీసుకుని అన్నిటికీ శవపరీక్ష చేశారు. 24 శాతం మందిలో కారణం రక్తనాళాల పూడికే. 16 శాతం మందిలో వంశపారంపర్య కండర జబ్బులు. 40 శాతం మందిలో మాత్రం ఏమీ దొరకలేదు. ఆ ఏమీ దొరకనివాళ్లలో కొందరికి జన్యుపరీక్ష చేస్తే, నాలుగోవంతుకు పైగా మందిలో కారణం కాగల మార్పు కనిపించింది. ఇంకో సంగతి చాలామంది గమనించరు. వాళ్లలో అత్యధికులు పోయింది పరుగులోనో ఆటలోనో కాదు, నిద్రలోనో విశ్రాంతిలోనో. జిమ్ వీడియోలు చూసి మనం ఏర్పరచుకున్న బొమ్మకు ఇది పూర్తిగా ఎదురు. నిద్రలో పోయేవాడి వీడియో ఎవరూ తీయరు కదా.

ఆ రెండు ధోరణులూ ఆచరణలో ఒకదానికొకటి తోడు కావాలి. ఎకో మామూలుగా ఉంటే గుండె బాగుందని చెప్పి పంపేస్తే క్యూటీ దోషం తప్పించుకుంటుంది. ఒక్క ఈసీజీతో సరిపెడితే కుడి గది జబ్బు తొలి దశలో దొరకకపోవచ్చు. మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు క్యూటీ దోషాన్ని వదిలేయడమే. పరుగెత్తుతూనో, ఈత కొడుతూనో, అలారం మోతకు ఉలిక్కిపడో స్పృహ తప్పిన పిల్లకు ఫిట్స్ అని రాసి ఏళ్ల తరబడి ఆ మాత్రలే వాడించడం. నీళ్లలో దిగినప్పుడు, పెద్ద శబ్దం వినగానే, నిద్రలో, ఈ మూడు సందర్భాలూ క్యూటీ దోషంలోని మూడు రకాలకు దాదాపు ముద్రలాంటివి. ఇలా స్పృహ తప్పినప్పుడు నరాల వైద్యుడి దగ్గరికి వెళ్లేలోపు ఒక ఈసీజీ తీయించాలని ఇంటింటికీ తెలియాలి.

హబ్సిగూడ చెప్పిన నాలుగు శాతం

ఈ అంతర్జాతీయ వాదంలో అతి ముఖ్యమైన ఘట్టాల్లో ఒకటి మీర్‌పేట్‌కు పదిహేను కిలోమీటర్ల లోపే జరిగింది. గుండె కండరంలో పోగులను పట్టి ఉంచే ఒక ప్రొటీన్‌కు ఎమ్‌వైబీపీసీ3 అనే జన్యువు మూలం. ఆ జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన రూపాన్ని రెండు భారతీయ కుటుంబాల్లో 2003లో తొలిసారి గుర్తించారు. హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, ఆయన సహచరులు దేశమంతటా రోగులనూ ఆరోగ్యవంతులనూ పోల్చి 2009లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. దక్షిణాసియా జనాభాలో సుమారు 4 శాతం మందిలో ఈ లోపం ఉందని, గుండె కండర జబ్బుల ముప్పు వాళ్లకు ఏడు రెట్ల వరకు ఎక్కువని వాళ్లు చెప్పారు. అంటే కోట్ల మంది. అన్ని పత్రికలూ అది రాశాయి. పిల్లలు పుట్టాక, నడివయసు దాటాకే జబ్బు బయటపడుతుంది కాబట్టి లోపం తరతరాలుగా నిలిచిపోయిందన్న వివరణ కూడా సబబుగానే తోచింది.

తర్వాత కథ మలుపు తిరిగింది. నాలుగు శాతం మందిలో ఉన్న లోపం నిజంగా అంత ప్రమాదకరమైతే మన దేశంలో కండర జబ్బులు ఇప్పటికన్నా ఎన్నో రెట్లు కనిపించాలి కదా అన్న సందేహం మొదటినుంచీ ఉంది. 2020లో బ్రిటన్‌కు చెందిన ఒక బృందం దక్షిణాసియా రోగుల జన్యువులను మళ్లీ పరిశీలించింది. ఆ 25 అక్షరాల లోపం ఒక్కటే ఉన్నవారిలో చెప్పుకోదగ్గ అదనపు ముప్పు లేదని, అదే జన్యువులో పక్కనే మరో అరుదైన మార్పు కలిసి వచ్చినవారిలోనే జబ్బు పుడుతోందని వాళ్లు వాదించారు. మరికొన్ని పరిశోధనలు కూడా, లోపానికి మరో మార్పు తోడైనప్పుడే కండరం దెబ్బతింటోందన్నాయి.

అలాగని సీసీఎంబీ పని వృథా అయిపోలేదు. దక్షిణాసియావారి జన్యువులను యూరప్‌వాళ్ల కొలతతో చూడకూడదని, ఇక్కడి జబ్బుకు ఇక్కడే సమాధానం వెతకాలని నిరూపించింది ఆ పనే. కానీ ఆచరణలో తేడా పెద్దది. నాలుగు శాతం అంకె చూసి ఆ ఒక్క పరీక్ష చేయించుకుని, లోపం ఉందని తెలిసి భయంతో బతకడం అనవసరం. లేదని తేలితే నిశ్చింతగా ఉండటం ఇంకా ప్రమాదం. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో పోయి ఉంటేనే జన్యుపరీక్షకు అర్థం ఉంటుంది. అదీ ఈసీజీ, ఎకోల తర్వాతే.

మేనరికం ఎంతవరకు కారణం?

దక్షిణాదిలో దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు ఎక్కువ. అక్క కూతురినో మేనమామ కొడుకునో చేసుకోవడం తెలుగిళ్లలో ఇప్పటికీ పూర్తిగా పోలేదు. హఠాన్మరణాలన్నిటినీ మేనరికం నెత్తిన రుద్దేవారూ ఉన్నారు, అది ఉత్త మూఢ భయమని కొట్టిపారేసేవారూ ఉన్నారు. నిజం రెంటి మధ్యా ఉంది. కండరం మందమెక్కే జబ్బు, బ్రుగాడా, క్యూటీ దోషంలో ఎక్కువ రకాలు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తే చాలు. వీటికి మేనరికంతో పని లేదు. పుట్టు చెవుడుతో కలిసొచ్చే యెర్వెల్ లాంగె నీల్సన్ రకం మాత్రం తల్లిదండ్రులిద్దరి నుంచీ రావాలి. పసితనం నుంచే ఉంగరాల ఉన్ని జుట్టు, అరచేతులూ అరికాళ్లూ దళసరిగా ఉండి, పెద్దయ్యాక కుడి గది చెడిపోయే నాక్సోస్ జబ్బు కూడా అంతే. గ్రీకు ద్వీపంలో బయటపడింది కాబట్టి దానికి ఆ పేరు.

దీన్నుంచి వెంటనే ఆచరించదగ్గ పని ఒకటి తేలుతుంది. పుట్టు చెవుడు ఉన్న ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ ఒక ఈసీజీ. చెవి యంత్రానికి, కాక్లియర్ ఆపరేషన్‌కు తిరిగే క్రమంలోనే ఇది జరిగిపోవచ్చు. అదనపు ఖర్చు కొన్ని వందల రూపాయలే. క్యూటీ పొడవుగా ఉందని తేలితే వాడే బీటా బ్లాకర్ మాత్రలు పాతకాలపువి, చవకైనవి, ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి. ఎక్కువ ముప్పు ఉన్నవారికి ఐసీడీ అనే యంత్రాన్ని ఛాతీలో అమర్చాలి. దాని ఖర్చు లక్షల్లో ఉంటుంది. తేడా ఎంత పెద్దదో చూస్తే ముందుగా పట్టుకోవడం విలువ తెలుస్తుంది.

పుట్టుకతో రానివి

వంశంతో సంబంధం లేని కారణాల మీద చర్చ తక్కువే అయినా మన నేలమీద అవే ఎక్కువ ప్రాణాలు తీస్తుండవచ్చు. వైరల్ జ్వరం తర్వాత గుండె కండరానికి వాపు రావడం ఒకటి. జ్వరం తగ్గిన వారానికే ఆయాసపడుతున్న కుర్రాడిని ఆటకు పంపడం ప్రమాదం. వాపు ఉన్న గుండెకు తీవ్ర వ్యాయామం పడదన్న విషయంలో వైద్యుల్లో భేదాభిప్రాయం లేదు.

క్షయ రెండోది. దీన్ని ప్రపంచానికి గట్టిగా చెప్పింది హైదరాబాదే. ఎకోలో గుండె పంపింగ్ బాగానే ఉన్నా గుండె దడ విపరీతంగా వచ్చిపడుతున్న కొద్దిమంది రోగులను కేర్ ఆసుపత్రి వైద్యులు పరీక్షించి 2011లో ప్రచురించారు. ఛాతీ మధ్య గ్రంథుల ముక్క తీసి చూస్తే కొందరిలో క్షయ, మిగతావారిలో సార్కాయిడోసిస్ అనే వాపు జబ్బు బయటపడ్డాయి. అవే గుండె కండరంలోకీ పాకి లయను చెడగొట్టాయి. దడకు మందు ఇచ్చి ఊరుకోకుండా మూలాన్ని వెతికితే వైద్యం పూర్తిగా మారిపోతుందని ఆ పని చూపింది. క్షయ ఇంత విస్తారంగా ఉన్న దేశంలో ఆ పాఠం చిన్నది కాదు.

మూడోది మందులు. అజిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్, డోమ్‌పెరిడోన్, కొన్ని మానసిక జబ్బుల మాత్రలు, క్లోరోక్విన్ జాతి మందులు క్యూటీని పొడిగిస్తాయి. ఒక్కొక్కటి ఒంటరిగా చాలామందికి హాని చేయదు. రెండు మూడు కలిసి, దానికి వాంతులు విరేచనాలతో పొటాషియం పడిపోవడం తోడైతే ముప్పు పెరుగుతుంది. చీటీ లేకుండా మందుల షాపులో దగ్గుకు, కడుపుబ్బరానికి, తామరకు ఒకేసారి మాత్రలు కొనే అలవాటు ఉన్నచోట ఇది ఉత్త పుస్తక జ్ఞానం కాదు. కడుపు కదలిక కోసం విరివిగా వాడిన సిసాప్రైడ్ అనే మందును ఈ కారణంగానే మన దేశం 2011లో నిషేధించింది. అటు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు చెడినవారిలో పొటాషియం పడిపోవడం కాదు, విపరీతంగా పెరిగిపోవడం గుండెను ఆపగలదు. రెండు డయాలసిస్‌ల మధ్య పొడవైన విరామం చివర్లో ఆ ముప్పు ఎక్కువ.

ఇక ఛాతీకి తగిలే దెబ్బ. గట్టి క్రికెట్ బంతి గుండె స్పందనలో ఒక సెకనులో యాభయ్యో వంతు ఉండే బలహీన క్షణంలో తగిలితే, పక్కటెముక కూడా విరగకుండానే ఆరోగ్యవంతుడైన పిల్లవాడి గుండె ఆగిపోగలదు. 2023 జనవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డమార్ హామ్లిన్ మైదానంలో కూలింది ఇలాగే. వెంటనే ఛాతీ నొక్కడం, షాక్ ఇవ్వడం వల్ల అతను బతికాడు.

టీకా వివాదం ఎక్కడ నిలిచింది?

ఎంఆర్‌ఎన్‌ఏ రకం టీకాల తర్వాత, ముఖ్యంగా యువకుల్లో, గుండె వాపు అరుదుగా వస్తుందన్నది నిర్ధారణ అయిన విషయం. కానీ మన దేశంలో అత్యధికులు వేసుకున్నవి కోవిషీల్డ్, కోవాగ్జిన్. అవి ఆ రకం కాదు. కోవిషీల్డ్‌కు మరో అరుదైన ప్రమాదం ఉంది. ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం గడ్డకట్టడం, అదీ టీకా వేసుకున్న కొద్ది వారాల్లో. ఏళ్ల తర్వాత షటిల్ కోర్టులో గుండె ఆగడానికి ఇది వివరణ కాజాలదు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 47 పెద్ద ఆసుపత్రులతో కలిసి, 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి మధ్య కారణం తెలియకుండా హఠాత్తుగా పోయిన 18–45 ఏళ్ల 729 మందిని, వారితో పోల్చడానికి 2,916 మందిని తీసుకుంది. టీకా ముప్పు పెంచినట్టు కనబడలేదు. రెండు డోసులు తీసుకున్నవారిలో ముప్పు తక్కువగా ఉంది. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, కుటుంబంలో హఠాన్మరణం, చనిపోయే ముందు రెండు రోజుల్లో విపరీతంగా మద్యం తాగడం లేదా తీవ్ర వ్యాయామం, మత్తుపదార్థాలు, వీటితో సంబంధం కనిపించింది. దీనికి కూడా ఒక హద్దు ఉంది. ఇది సంబంధాలు చూపే అధ్యయనం, ఒక్కో మరణానికి కారణం చెప్పేది కాదు. ఆ లోటు తీర్చడానికి ఢిల్లీ ఎయిమ్స్ శవపరీక్షలతో చేపట్టిన పనిలో యువకుల్లో కూడా గుండెపోటే ప్రధాన కారణంగా కనబడుతోందని, కారణం దొరకని మరణాల్లో చాలావాటి వెనక జన్యుదోషాలు ఉండవచ్చని 2025 జూలైలో కేంద్ర ఆరోగ్యశాఖ తెలిపింది. టీకా మీద ఎంత గొంతు చించుకున్నామో, కుటుంబ చరిత్ర అన్న మాట మీద అందులో పదోవంతు మాట్లాడి ఉంటే కొన్ని ప్రాణాలైనా నిలిచేవని నా నమ్మకం.

1600 మీటర్ల ముందు ఈసీజీ

తీవ్ర వ్యాయామానికి ముందు అందరికీ గుండె పరీక్ష చేయాలా? దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల ఇది దూరపు ప్రశ్న కాదు. ఇక్కడి హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే వేల మంది పోలీసు ఉద్యోగాల కోసం పొద్దున్నే పరుగు తీస్తారు. కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో మగ అభ్యర్థి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. చాలామందికి అది జీవితంలో గుండెను అంతగా శ్రమపెట్టే తొలి సందర్భం.

ప్రపంచం ఇక్కడ రెండుగా చీలింది. ఇటలీ 1982లో క్రీడాకారులందరికీ ఈసీజీతో సహా పరీక్ష తప్పనిసరి చేసింది. అక్కడి వెనెటో ప్రాంతంలో క్రీడాకారుల హఠాన్మరణాలు లక్షకు ఏడాదికి 3.6 నుంచి రెండు దశాబ్దాల్లో 0.4కు పడిపోయాయి. ఇజ్రాయెల్ 1997లో అదే చట్టం తెచ్చింది. అక్కడ ముందు 2.54, తర్వాత 2.66. మార్పు లేదు. ఇటలీ చట్టానికి ముందు రెండేళ్లలో మరణాలు యాదృచ్ఛికంగా ఎక్కువగా ఉండటం వల్లే తగ్గుదల అంత పెద్దగా కనిపించిందని ఇజ్రాయెల్ పక్షం అంటుంది. ఇంగ్లండ్‌లో 11,168 మంది కుర్ర ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఈసీజీ, ఎకోలతో వడపోశారు. 42 మందిలో ప్రమాదకరమైన జబ్బులు దొరికాయి. అయితే తర్వాత హఠాత్తుగా పోయిన ఎనిమిది మందిలో ఆరుగురు పరీక్షలో పాసైనవాళ్లే. అమెరికా హృద్రోగ సంఘం తప్పనిసరి ఈసీజీని సమర్థించదు, ప్రశ్నావళీ డాక్టరు పరీక్షా చాలంటుంది.

మన పరిస్థితికి నా తీర్పు మధ్యస్థంగా ఉంటుంది. వేల మంది అభ్యర్థులకు ఎకోలు తీయడం సాధ్యం కాదు, తీసినా చదివే నిపుణులు లేరు. మూడు ప్రశ్నలు మాత్రం దరఖాస్తులోనే అడగొచ్చు. పరుగెత్తుతూ ఎప్పుడైనా స్పృహ తప్పారా? మీ ఇంట్లో నలభై ఏళ్లలోపు ఎవరైనా హఠాత్తుగా పోయారా? వ్యాయామంలో గుండెల్లో నొప్పి, అతి దడ వస్తుందా? ఒక్కదానికి అవునన్నా ఈసీజీ, ఎకో తప్పనిసరి చేయాలి, అదీ ఉచితంగా, ఉద్యోగం పోతుందన్న భయం లేకుండా. మైదానంలో షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం ఉండాలి. వడపోత ఎంత గొప్పదైనా కొందరు తప్పించుకుంటారని ఇంగ్లండ్ చూపింది. కూలినవారిని బతికించవచ్చని 2021 జూన్‌లో కోపెన్‌హేగెన్ మైదానంలో కూలి బతికిన ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్‌సన్ నిరూపించాడు. ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం పది శాతం వరకు తగ్గుతుంది. 108 అంబులెన్స్ మలక్‌పేట ట్రాఫిక్ దాటి వచ్చేలోపు ఛాతీ నొక్కాల్సింది పక్కనున్నవాడే. 2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం పెద్ద ఎత్తున మొదలుపెట్టిన సీపీఆర్ శిక్షణ ఆ దిశలో సరైన అడుగు. ఒక సీజను ఉత్సాహంగా మిగలకుండా ఏటా సాగాలి.

శవాగారం దగ్గర ఆగిపోతున్న జవాబు

మిగిలిన చిక్కులన్నీ ఒకచోటికే వస్తాయి. యువకుడు నిద్రలో పోతే మన దగ్గర సాధారణంగా శవపరీక్ష జరగదు. శరీరాన్ని కోయడం ఇంటివాళ్లకు ఇష్టముండదు, అంత్యక్రియలు సాయంత్రంలోగా అయిపోవాలి. అనుమానం ఉన్నప్పుడే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షను కింద పోలీసులు విచారణ చేస్తారు. అక్కడ కూడా అడిగే ప్రశ్న నేరం ఉందా లేదా అనే. కడుపు, కాలేయం, మూత్రపిండం ముక్కలను ఉప్పు ద్రావణంలో పెట్టి విషం ఉందేమో చూడటానికి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు. విషం లేదని నివేదిక వస్తే కేసు ముగుస్తుంది. ఆ ఉప్పు ద్రావణం కణజాలాన్ని సూక్ష్మదర్శిని పరీక్షకు పనికిరాకుండా చేస్తుంది. గుండెను విడిగా ఫార్మలిన్‌లో పెట్టి, గుండె జబ్బుల కణజాలం చదవడం తెలిసిన నిపుణుడికి పంపాలి. ఫార్మలిన్‌లో డీఎన్‌ఏ పాడవుతుంది కాబట్టి జన్యుపరీక్ష కోసం ఈడీటీఏ గొట్టంలో కొన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని వేరుగా తీసి శీతలీకరించాలి. అదనపు పని అంతే. ఆ గొట్టం ఖరీదు కొన్ని రూపాయలు. సీసీఎంబీ ఉన్న నగరంలో దీన్ని చదవగలిగే సామర్థ్యం లేదని ఎవరూ అనలేరు.

నలభై ఏళ్లలోపు కారణం తెలియని ప్రతి హఠాన్మరణంలోనూ ఈ రెండు నమూనాలూ తప్పనిసరి చేస్తూ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఉత్తర్వు ఇవ్వాలి. వివరాలు ఒక రిజిస్టర్‌లో చేరాలి. తెలుగువాళ్లలో పూడిక వాటా ఎంత, కండర జబ్బుల వాటా ఎంత, మచ్చలేని గుండెల వాటా ఎంత అన్నది అప్పుడే తేలుతుంది. అప్పటిదాకా ఆస్ట్రేలియా అంకెలతో, ఇటలీ అంకెలతోనే వాదించుకోవాలి.

ఉత్తర్వు వచ్చేదాకా కుటుంబాలు ఆగనక్కర్లేదు. శవపరీక్షలో ఏమీ తేలని యువకుడి తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్షలు చేసిన దేశాల్లో ఐదోవంతు నుంచి సగం దాకా ఇళ్లలో వంశపారంపర్య జబ్బు బయటపడింది. మీ ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా నిద్రలోనో పరుగులోనో పోయి ఉంటే, అది ఎన్నేళ్ల కిందటి మాటైనా సరే, మిగిలిన అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ వాళ్ల పిల్లలకూ ఒక ఈసీజీ, ఒక ఎకో తీయించండి. పాత ఈసీజీ కాగితాలు, చనిపోయినవారి రిపోర్టులు పారేయకండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నొప్పి ఉందా అని అడిగేదాకా ఆగకుండా, మా ఇంట్లో ఫలానా వయసులో ఒకరు హఠాత్తుగా పోయారు అని మొదటి మాటగా చెప్పండి.